స్టిక్‌లో ఆడని ఇంటి వీడియోలు: సంక్రాంతిలోపు తేల్చాల్సిన పని, నా డైరీ

దీపావళి వెళ్ళాక

హాల్లో టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టుకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ ఉంది. సినిమాలూ సీరియళ్ళూ చక్కగానే వస్తాయి. ఇంటి వీడియో పెడితేనే దానికి మొండితనం. ఒకటి బొమ్మ లేకుండా మాట మాత్రం వినిపిస్తుంది, ఇంకొకటి మూగది, మూడోది రెండడుగులు వేసి ఆగి గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది, నాలుగోది 'ఈ ఫార్మాట్‌కి సపోర్ట్ లేదు' అని ముఖం మీదే చెప్పేస్తుంది. సంక్రాంతికి పిన్ని వాళ్ళు, బాబాయ్ వాళ్ళు అందరూ మా ఊరు అంబాజీపేట వస్తున్నారు. ఈలోపు ఇంట్లో ఉన్న వీడియోలన్నీ నాన్నగారు రిమోట్ నొక్కితే ఆడాలి. నేను కాదు, నాన్నగారు. ఆయన చేతికి ఆడితేనే పని అయినట్టు లెక్క.

సరుకు ఇదీ. పిన్ని పెళ్ళి వీహెచ్ఎస్ క్యాసెట్టు, దాన్నుంచి అప్పట్లో స్టూడియోవాళ్ళు చేసిచ్చిన వీసీడీలు. 2003 గోదావరి పుష్కరాల్లో కోటిపల్లి రేవు దగ్గర బాబాయ్ మినీడీవీ కెమెరాతో తీసినవి. డిజిటల్ కెమెరాలో తీసిన చిన్నచిన్న ఏవీఐ ముక్కలు. బటన్ల ఫోన్ 3జీపీలు. జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియోలు, అవి ఎంటీఎస్ ఫైళ్ళు. మేనల్లుడి అన్నప్రాశన డీవీడీ. చివరికి కువైట్‌లో ఉన్న తమ్ముడు ఈమధ్య పంపిన ఫోన్ వీడియోలు.

ఒక్క నియమం పెట్టుకున్నాను: అసలు ఫైళ్ళ జోలికి వెళ్ళను. అవి ఒక హార్డ్ డిస్కులో అలాగే ఉంటాయి. టీవీ కోసం చేసేవి వేరే ఫోల్డర్‌లో పడతాయి. మార్చిన ఫైలు బాగా ఆడుతోంది కదా అని అసలుది తీసేసి, తర్వాత బాధపడ్డవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

నాగులచవితి

"అమ్మాయ్, దాని పేరు చివర ఎంపీ4 అనే ఉంది కదా, దీని పేరు చివరా ఎంపీ4 అనే ఉంది. అది ఆడి ఇది ఆడదేం?" అన్నారు నాన్నగారు. సరైన ప్రశ్న ఇదే.

మా ఊరివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఎంపీ4, ఏవీఐ, ఎంకేవీ అన్నవి బస్తాలు. బస్తా చూసి లోపల కొబ్బరికాయో, ఎండు కురిడీయో, డొక్కో చెప్పలేం. లోపల బొమ్మ ఒక పద్ధతిలో, శబ్దం ఇంకో పద్ధతిలో కుదించి ఉంటాయి. ఆ పద్ధతినే కోడెక్ అంటారు. స్టిక్‌లో ఉన్న చిప్పుకి కొన్ని కోడెక్‌లు మాత్రమే వచ్చు. మా దానికి హెచ్.264, హెచ్.265 బాగా వచ్చు. మిగతావి ఆడించే యాప్ తెలివిని బట్టి, చిప్పు బలాన్ని బట్టి ఉంటాయి.

అందుకని ముందు ఏదీ మార్చకుండా అన్ని ఫైళ్ళనీ మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిచి చూశాను. లోపల ఏముందో అది వరసగా చెబుతుంది. మేనల్లుడు పాత నోటుబుక్కులో గళ్ళు గీశాడు: బస్తా ఏమిటి, బొమ్మ కోడెక్ ఏమిటి, కొలత ఎంత, సెకనుకి ఎన్ని ఫ్రేములు, గీతలు వంతులవారీగా ఉండే ఇంటర్లేస్డా, అన్నీ ఒకేసారి ఉండే ప్రోగ్రెసివా, రంగు వివరం ఎంత (4:2:0 నా 4:2:2 నా), శబ్దం ఏమిటి. "అత్తా, ఇంత రాయాలా?" అన్నాడు. రాయాలి. ఏ ఫైలు ఏ తీరుగా మొండికేస్తుందో దాని పక్కనే రాశాం. ఆ రెండు గళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం జబ్బులు మందు వెయ్యకముందే తెలిసిపోయాయి. ఆడని ప్రతిదాన్నీ ఏదో కన్వర్టర్‌లో పడేసి ఎంపీ4 చేసెయ్యడం అందరూ చేసే పని. దానివల్ల ఒక్కోసారి కొత్త జబ్బు వస్తుంది. దాని సంగతి ముందుముందు వస్తుంది.

నాగులచవితి తర్వాతి ఆదివారం

హార్డ్ డిస్కుని ఓటీజీ కేబుల్‌తో నేరుగా స్టిక్‌కి తగిలిస్తే స్టిక్ ఆరిపోయి మళ్ళీ మొదలవుతోంది. కారణం వీడియో కాదు, కరెంటు. స్టిక్‌కి టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు నుంచే కరెంటు ఇస్తున్నాం. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపులు. స్టిక్కూ, తిరిగే హార్డ్ డిస్కూ రెండూ దానిమీద బతకలేవు. స్టిక్‌తో వచ్చిన అడాప్టర్ని గోడ ప్లగ్గులో పెట్టాక ఆరిపోవడం మానేసింది.

తర్వాత డిస్కు కనిపించదు. మా స్టిక్‌కి ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు మాత్రమే అర్థమవుతుంది. ఎఫ్ఏటీ32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. కోటిపల్లి డీవీ ఫైళ్ళు గంటకి 13 జీబీ దాకా ఉంటాయి. ఇక ఓటీజీ దారి మూసుకుపోయినట్టే. నెట్‌వర్క్ మీద పంపడమే గతి.

కార్తీక పౌర్ణమికి ముందు

మేనల్లుడి పాత ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ పెట్టాం. 2018లో ఎంబీ అనే ప్రోగ్రామ్ నుంచి విడిపోయి పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ల్యాప్‌టాప్‌లో వీడియోలుంటాయి, స్టిక్‌లో దాని యాప్ ఉంటుంది, మధ్యలో వైఫై. ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లో రౌటర్ వెలుగుతుంటే చాలు. మా ఊళ్ళో గాలీవానా వస్తే ముందు పోయేది ఇంటర్నెట్టే కాబట్టి ఇది నాకు నచ్చిన గుణం. రౌటర్ని కూడా ఇన్వర్టర్ లైనులోకి మార్పించాను. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది సరే, రౌటర్‌కి లేదు కదా.

ఇప్పుడు ఆగి ఆగి ఆడే జబ్బు. దీనికి రెండు కారణాలుండొచ్చు, రెండూ టీవీ మీద ఒక్కలాగే కనిపిస్తాయి. ఒకటి, వైఫై అంత డేటా మోయలేకపోవడం. రెండు, స్టిక్‌కి రాని కోడెక్‌ని ల్యాప్‌టాప్ అప్పటికప్పుడు మార్చి పంపడం, అంటే ట్రాన్స్‌కోడ్ చెయ్యడం. పాత ల్యాప్‌టాప్‌కి అది శక్తికి మించిన పని, ఫ్యాను గోల పెరట్లోకి వినిపించింది. ఏది ఏదో తెలుసుకోడానికి ఊహించక్కర్లేదు. వీడియో ఆడుతుండగా జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డు తెరిస్తే అది నేరుగా ఆడుతోందా, ట్రాన్స్‌కోడ్ అవుతోందా, అవుతుంటే ఎందుకు అవుతోందో రాసి ఉంటుంది. 'వీడియో కోడెక్‌కి సపోర్ట్ లేదు' అని ఉంటే వైఫైని తిట్టి లాభం లేదు.

ఎంటీఎస్ ఫైళ్ళు నేరుగానే ఆడుతున్నాయి, అయినా ఆగుతున్నాయి. అది వైఫై లెక్క. రౌటర్ వీధి గదిలో, టీవీ హాల్లో, మధ్యలో తాతగారి కాలంనాటి మందపాటి గోడ. స్టిక్ టీవీ వెనక లోహపు పలకకి ఆనుకుని ఉంది. డబ్బాలో వచ్చిన చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ తగిలించి స్టిక్‌ని టీవీ అంచు బయటికి వేలాడదీశాం. రౌటర్‌ని గుమ్మం పక్కకి మార్చి, స్టిక్‌ని 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 5 గిగాహెర్ట్జ్‌కి కలిపాం. ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కట్టేశాం. ఇది అన్నిటికన్నా ముఖ్యం: ల్యాప్‌టాప్ కూడా వైఫైలోనే ఉంటే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. కేబుల్ వెయ్యగానే ఎంటీఎస్‌లు ఆగడం మానేశాయి. దీనికి ఎవరూ కొత్త స్టిక్ కొనక్కర్లేదు.

కార్తీక పౌర్ణమి

దీపాలు వదిలి వచ్చాక కూర్చున్నాం. ఈరోజు నల్లతెర సంగతి.

డిజిటల్ కెమెరా ముక్కల్లో కొన్ని మేనల్లుడి స్నేహితుడు ఇదివరకే హెచ్.264 ఎంపీ4లుగా మార్చి ఇచ్చాడు. ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఆడతాయి. స్టిక్‌లో మాట వినిపిస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. కోడెక్ సరైనదే, బస్తా సరైనదే, కొలత 640×480, అదీ చిన్నదే. మరేం రోగం?

నోటుబుక్కులో రంగు గడి చూస్తే తెలిసింది. మంచి వీడియోలన్నిటికీ 4:2:0 అని ఉంది, వీటికి 4:2:2. ఆ కాలపు కెమెరాలు చాలావరకు మోషన్ జేపెగ్ పద్ధతిలో తీసేవి, అంటే ప్రతి ఫ్రేమూ ఒక జేపెగ్ ఫొటో. అందులో రంగు వివరం 4:2:2గా ఉంటుంది. వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌కి మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ 4:2:2ని అలాగే ఉంచి హెచ్.264 చేస్తుంది. దాన్ని 'హై 4:2:2' ప్రొఫైల్ అంటారు. స్టూడియో పనులకి అది మంచిదే. టీవీలు, స్టిక్‌లు, ఫోన్లలో ఉండే చిప్పులకి మాత్రం సాధారణంగా దాన్ని విప్పడం రాదు. ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తో విప్పుతుంది కాబట్టి దానికి బాధ లేదు. అందుకే 'మా ల్యాప్‌టాప్‌లో ఆడుతోందండీ' అన్న మాటకి విలువ ఇవ్వకూడదు.

మందు చిన్నదే. అసలు ఏవీఐల నుంచి మళ్ళీ మార్చాను, ఈసారి పిక్సెల్ ఫార్మాట్ 'వైయూవీ 420పీ' అని చెప్పి. హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్ వాడేవాళ్ళు మామూలు ప్రీసెట్ పెడితే అదే 4:2:0 చేస్తుంది. అన్నీ వెలిగాయి. చిన్న తేడా ఒకటుంది, ఆ కెమెరా శబ్దం 11 కిలోహెర్ట్జ్ మోనో. మార్చేటప్పుడు ఏఏసీ అనే శబ్దం కోడెక్‌లో 44.1 కిలోహెర్ట్జ్ చెయ్యమన్నాను. శబ్దం మెరుగవ్వదు, కానీ స్టిక్ పేచీ పెట్టదు.

పోలి స్వర్గం వెళ్ళాక

బటన్ల ఫోన్ 3జీపీలు. బొమ్మ 176×144, సెకనుకి 15 ఫ్రేములు. మా టీవీలో దాన్ని నిండుగా సాగదీస్తే మనిషి ముఖం గళ్ళగళ్ళుగా కనిపిస్తుంది. బొమ్మ వస్తోంది, శబ్దం లేదు. శబ్దం ఏఎంఆర్ పద్ధతిలో ఉంది. అది ఫోన్ మాటల కోసం పుట్టిన కోడెక్, సెకనుకి ఎక్కువలో ఎక్కువ 12.2 కిలోబిట్లు, సంగీతం కోసం చేసింది కాదు. స్టిక్ యాప్‌కి అది రాదు.

శబ్దాన్ని ఏఏసీ చేసి, బొమ్మని కూడా హెచ్.264కి మార్చాను, ఎందుకంటే లోపల ఉన్నది హెచ్.263. కొలత పెంచలేదు. కొంతమంది దీన్ని 1080కి పెంచి మార్చమంటారు. లేని వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫైలు బరువెక్కడం తప్ప ఒరిగేదేం లేదు. సాగదీసే పని టీవీ ఎలాగూ చేస్తుంది.

వీటిలో ఒకదాంట్లో మామ్మ గొబ్బి పాట పాడుతోంది, సగంలో ఎవరో పిలిస్తే "వస్తున్నానుండవే" అంటుంది. ఆ గొంతు ఇంట్లో ఇంకెక్కడా లేదు. శబ్దం శుభ్రం చేసే ఫిల్టర్లు వేసి చూశాం. గరగర తగ్గింది కానీ మామ్మ గొంతులోని జీర కూడా పోయింది. అమ్మ విని "అది అత్తయ్య కాదు" అంది. ఫిల్టర్ తీసేశాను. గరగరతోనే ఉంటుంది.

షష్ఠి

పెళ్ళి వీసీడీలు. ఎక్కువ కాలం తినేది ఇదేనని ముందే తెలుసు.

క్యాసెట్టు కథ వేరే ఉంది. 1996 నవంబరు 6 తుపానుకి మా ఇంటి పెంకులు లేచిపోయి, బీరువా మీదున్న సామానంతా తడిసింది, అందులో అదొకటి. ఆరబెట్టి దాచారు. ఇప్పుడు టేపు అంచుల వెంట తెల్లటి బూజు ఉంది. మా గోదావరి జిల్లాల గాలిలో తడి ఎప్పుడూ ఉండేదే, క్యాసెట్లకి అది పడదు. బూజు పట్టిన టేపుని వీసీఆర్‌లో పెట్టకూడదు. వీసీఆర్ హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టిన క్యాసెట్లకీ అంటుతుంది. టేపు కూడా తెగొచ్చు. అందుకని అది ప్రస్తుతం జిప్ కవర్లో, సిలికా జెల్ పొట్లాలతో ఉంది.

ఇక మిగిలినవి డిస్కులు. వీసీడీలో బొమ్మ ఎంపెగ్-1, 352×288, సెకనుకి 25 ఫ్రేములు, బిట్‌రేట్ 1150 కిలోబిట్లు, శబ్దానికి ఇంకో 224. డిస్కులో 'ఎంపెగ్ఏవీ' ఫోల్డర్‌లో 'ఏవీసెక్01 డాట్ డాట్' అని కనిపిస్తుంది. (రెండో డాట్ చుక్క కాదు, దాని పేరే అది.) స్టిక్‌కి ఆ పేరే తెలియదు. పేరు చివర ఎంపీజీ అని మార్చినా ఫలితం లేదు, ఎందుకంటే సీడీ నుంచి కాపీ చేసినప్పుడు ఎంపెగ్ చుట్టూ సీడీ సెక్టార్ల తొడుగు కూడా వచ్చేస్తుంది. వీడియోలు ఆడించే వీఎల్‌సీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆ తొడుగుని గుర్తుపడతాయి.

గీతలు పడ్డ డిస్కు దగ్గర కాపీ ఆగిపోయింది. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మామూలు డేటా సీడీలో తప్పులు సరిదిద్దుకోడానికి అదనపు సమాచారం ఉంటుంది. వీసీడీలో ఆ అదనపు పొరని వదిలేసి ఆ జాగాలో కూడా వీడియోనే నింపారు, డెబ్బై చిల్లర నిమిషాలు పట్టించడానికి. బొమ్మలో ఒక చుక్క పోతే ఏముందిలే అని అప్పటి లెక్క. డిస్కు కొత్తగా ఉన్నంతకాలం ఆ లెక్క సరిపోయింది. ఇప్పుడు అదే గీత దగ్గర కంప్యూటర్ మొండికేస్తుంది. డిస్కుని మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకి తుడిచి (గుండ్రంగా తుడవకూడదు), వేరే డ్రైవులో పెట్టి చూశాం. అమలాపురంలో ఒక డీటీపీ షాపాయన దగ్గర పాత డెస్క్‌టాప్ డ్రైవు ఉంది. "తెండి చూద్దాం, ఆయ్" అన్నాడాయన. దాంట్లో ఒక డిస్కు తప్ప అన్నీ వచ్చాయి. ఆ ఒక్కదాంట్లో అప్పగింతల దగ్గర కొన్ని సెకన్లు పచ్చటి గళ్ళుగా ఉంటాయి. పిన్ని అదే తలుచుకుని "పోనీలే, అప్పుడు నేనేడ్చిన ఏడుపు ఎవరూ చూడక్కర్లేదు" అని నవ్వింది.

హెచ్.264కి మార్చి టీవీలో పెట్టాక ఇంకో రెండు కనిపించాయి. మొదటిది, అందరూ పొట్టిగా, లావుగా ఉన్నారు. వీసీడీ 4:3 బొమ్మ, టీవీ 16:9, దాని సెట్టింగు 'ఫుల్' అని ఉంది. టీవీ సెట్టింగు మార్చితే తగ్గింది, కానీ నాన్నగారు మళ్ళీ ఎక్కడో నొక్కేస్తారు. అందుకని ఫైల్లోనే 'ఇది 4:3' అని రాసిపెట్టాను. బొమ్మ రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి, రావాలి కూడా. దాన్ని నింపడానికి పైనా కిందా కోసేస్తే తలంబ్రాల తలలు పోతాయి.

రెండోది, బొమ్మ అడుగున నాలుగైదు గీతలు పక్కకి జరిగి వణుకుతున్నాయి. అది చెడిపోవడం కాదు. వీహెచ్ఎస్ తిరిగే హెడ్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే చోటు అది. పాత డబ్బా టీవీలు అంచులు కొంత దాచేసేవి కాబట్టి ఆ వణుకు ఎప్పుడూ ఎవరికీ కనబడలేదు. కొత్త టీవీ మొత్తం చూపిస్తుంది. అడుగున కొన్ని గీతలు నల్లగా కప్పేశాను. కోసెయ్యలేదు, కోస్తే 4:3 లెక్క చెదురుతుంది.

నెలగంట పెట్టాక

ప్రభల తీర్థం, కోటిపల్లి. రెండిటి జబ్బూ ఒకటే కుటుంబం.

మా ఊరికి దగ్గర్లో జగ్గన్నతోటలో కనుమనాడు పదకొండు ప్రభలు, అంటే దేవుళ్ళని మోసుకొచ్చే అలంకరించిన వెదురు చట్రాలు, కలుస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక దాటి రావాలి, పీకలోతు నీళ్ళలో ప్రభ తడవకుండా భుజాల మీద మోసుకొస్తారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థం మీదే. మా దగ్గర అంతకు చాలా ముందు తీసిన ఎంటీఎస్‌లు ఉన్నాయి. ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతి: బొమ్మ హెచ్.264, 1080ఐ, శబ్దం డాల్బీ డిజిటల్. స్టిక్ ఆడిస్తుంది. కానీ ప్రభ ఊగినప్పుడల్లా దాని అంచులు అడ్డగీతలుగా చీలిపోతున్నాయి. నీళ్ళలో మనుషులు అరిచి ఊగే ఆ ఘట్టమే అసలు వీడియో, అక్కడే గీతలు.

1080ఐలో ఉన్న 'ఐ' అంటే ఇంటర్లేస్డ్. ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. కదలనిదైతే రెండూ కలిసిపోతాయి. కదిలేదైతే రెండు చోట్ల కనబడుతుంది. పాత టీవీలు గీతల్ని అలాగే వంతులవారీగా వేసేవి కాబట్టి బాధ లేదు. ఇప్పటి తెరలు మొత్తం ఫ్రేముని ఒకేసారి వేస్తాయి. విడదీసే పని, అంటే డీఇంటర్లేస్, ఎవరో ఒకరు చెయ్యాలి. మా స్టిక్ యాప్ చెయ్యట్లేదు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో 'బీడబ్ల్యూడిఫ్' అనే ఫిల్టర్ ఉంది. అది సరి గీతల నుంచి ఒక పూర్తి ఫ్రేము, బేసి గీతల నుంచి ఇంకో పూర్తి ఫ్రేము చేస్తుంది. సెకనుకి 25 ఫ్రేములున్నది 50 అవుతుంది. చాలామంది 25కే చేసేసుకుంటారు, ఫైలు చిన్నదవుతుందని. నేను ఒప్పుకోను. 50లో ఆడుతుంటే నీళ్ళ కదలికా, జెండాల రెపరెపా కెమెరాలో ఎలా పట్టుకున్నారో అలా ఉంటాయి. 25లో కదలిక సగం పారేసినట్టు. రెండూ పక్కపక్కన పెట్టి నాన్నగారిని అడిగితే, ఇంటర్లేస్ మాట చెప్పకుండానే 50ది చూపించారు.

శబ్దం మరో గొడవ. ఎంటీఎస్‌లు ఆడినప్పుడు టీవీ స్పీకర్లో మాట లేదు. డప్పులు లేని ప్రభల తీర్థమా! స్టిక్ సౌండ్ సెట్టింగులో డాల్బీని విప్పకుండా అలాగే టీవీకి పంపమని ఉంది. టీవీకి డాల్బీ విప్పడం రాదు. సెట్టింగుని పీసీఎం, అంటే విప్పేసిన శబ్దం, చేస్తే వచ్చింది. ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి కొత్త ఫైళ్ళలో శబ్దాన్ని ఏఏసీ స్టీరియో చేసేశాను.

ఇక కోటిపల్లి. 2003 జూలై 30 నుంచి ఆగస్టు 10 దాకా పుష్కరాలు. డీవీ పద్ధతి, 720×576, సెకనుకి శబ్దంతో కలిపి సుమారు 29 మెగాబిట్లు. స్టిక్‌కి డీవీ రాదు, ల్యాప్‌టాప్ మార్చి పంపాలి. ముందే మార్చి పెట్టుకోవడం మేలు. అదే బీడబ్ల్యూడిఫ్ వేసి మార్చాం. ఫలితం విచిత్రం: అడ్డగీతలు లేవు, కానీ రేవు మెట్లు దిగుతున్న జనం ఒకడుగు ముందుకీ ఒకడుగు వెనక్కీ వణుకుతూ నడుస్తున్నారు. మేనల్లుడు గట్టిగా నవ్వాడు.

ఈ వణుకుకి పేరుంది, ఫీల్డ్ ఆర్డర్. ఏ గీతలు ముందు తీసినవో తారుమారైతే కాలం ముందుకీ వెనక్కీ నడుస్తుంది. మా ఎంటీఎస్‌లలో పై గీతలు ముందు. డీవీలో అడుగు గీతలు ముందు. మినీడీవీ కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫైలైతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ తానే గుర్తుపడుతుంది. మా ఫైళ్ళని బాబాయ్ మధ్యలో ఏదో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఏవీఐగా మళ్ళీ రాయించారు, ఆ గుర్తు అక్కడ తప్పుపడింది. ఫిల్టర్‌కి 'అడుగు గీతలు ముందు' అని నోరువిప్పి చెప్పాక జనం తిన్నగా నడిచారు. మునకలు, పిండప్రదానాలు, పడవల్లో కిక్కిరిసిన మనుషులు, అవతలి ఒడ్డున ముక్తేశ్వరం వైపు మబ్బు, అన్నీ చూస్తూ నాన్నగారు అరగంట లేవలేదు. మధ్యలో నేను పరీక్ష కోసం ఆపబోతే "ఉంచమ్మా" అన్నారు.

నాణ్యత సంగతి: డీవీ, ఎంటీఎస్ రెండిటికీ సీఆర్ఎఫ్ 18 పెట్టాను, వీసీడీకి 20. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత, బరువు రెండూ పెరుగుతాయి. ఒక రాత్రి ల్యాప్‌టాప్‌ని వదిలేస్తే తెల్లారేసరికి చేసేస్తుంది, తొందరేముంది.

ధనుర్మాసంలో ఒక సాయంత్రం

తమ్ముడు కువైట్ నుంచి పంపినవి కొత్త ఫోన్ వీడియోలు, కాబట్టి సులువనుకుంటారు అందరూ. హెచ్.265, 10 బిట్, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి). మా టీవీ హెచ్‌డీఆర్ కాదు. ఆడుతోంది, కానీ రంగులన్నీ ఉతికి ఆరేసిన పాత చీర అయిపోయాయి. టోన్ మ్యాపింగ్ చేసి 8 బిట్ మామూలు రంగుల్లోకి దించితే బాగుంది. వాణ్ణి ఫోన్ కెమెరా సెట్టింగులో హెచ్‌డీఆర్ వీడియో ఆపెయ్యమన్నాను. "ఆపేశానక్కా" అన్నాడు. తర్వాత వచ్చినవాటికి ఏ చికిత్సా అక్కర్లేదు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని కూడా చెప్పాను, లేకపోతే అది మళ్ళీ కుదించి పంపుతుంది.

2015 పుష్కరాలప్పటి ఒక ఎంపీ4 మాత్రం ఎక్కడా తెరుచుకోలేదు, ల్యాప్‌టాప్‌లో కూడా. తీస్తుండగా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటుంటుంది, దాన్ని మూవ్ ఆటమ్ అంటారు. ఫోన్లు మామూలుగా దాన్ని రికార్డింగ్ ఆపినప్పుడే రాస్తాయి. ఆపకముందే ఫోన్ ఆరిపోతే బొమ్మలన్నీ ఉంటాయి, సూచిక ఉండదు. 'అన్‌ట్రంక్' అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అదే ఫోన్‌తో, అవే సెట్టింగులతో తీసిన మంచి వీడియో ఒకటి దానికి చూపిస్తే, దాన్ని బట్టి పోయిన సూచికని కట్టుకుంటుంది. అదృష్టం కొద్దీ అదే రోజు తీసిన ఇంకో ముక్క ఉంది. చివర్లో కొద్దిగా తప్ప మొత్తం వచ్చింది.

భోగికి ముందు

అన్నప్రాశన డీవీడీ ఒక్క పూటలో అయిపోయింది. డిస్కులో వీడియో 1 జీబీ చొప్పున ముక్కలైన వీఓబీ ఫైళ్ళుగా ఉంటుంది. వాటిని చేత్తో అతికితే ముక్క మారే చోట కాలం లెక్క తప్పుతుంది, అక్కణ్ణుంచి మాటకీ పెదవికీ పొంతన ఉండదు. మేక్‌ఎంకేవీ డిస్కు మొత్తాన్ని ఒకే ఎంకేవీగా తీసింది, బొమ్మ ముట్టుకోకుండా. ఎంపెగ్-2 మా స్టిక్‌లో వీఎల్‌సీతో ఆడుతుంది, జెల్లీఫిన్ యాప్‌లో ఆడదు. అందుకని దాన్నీ డీఇంటర్లేస్ చేసి హెచ్.264 చేశాను.

ఫైళ్ళ పేర్లు అమ్మ పెట్టింది, తెలుగులోనే. 'కోటిపల్లి 2003', 'చిట్టి పెళ్ళి, తలంబ్రాలు', 'మామ్మ గొబ్బి'. జెల్లీఫిన్‌లో లైబ్రరీ రకం 'సినిమాలు' అని పెడితే 'చిట్టి పెళ్ళి'కి ఇంటర్నెట్టు నుంచి ఏదో సినిమా పోస్టరు తెచ్చి అంటించింది. రకాన్ని 'హోమ్ వీడియోలు' అని మార్చాక ఊరుకుంది. రిమోట్‌లో నాన్నగారికి మూడు బటన్లే చెప్పాను. ఆయన నాలుగోది నొక్కి సబ్‌టైటిళ్ళ మెనూలోకి వెళ్ళి, తనే వెనక్కి వచ్చారు.

మిగిలినవి రెండు. రెండో హార్డ్ డిస్కులోకి అసలు ఫైళ్ళ కాపీ నడుస్తోంది, అది బాబాయ్‌తో రాజమండ్రి వెళ్ళిపోతుంది. బూజు పట్టిన క్యాసెట్టుని శుభ్రం చేసి ఎక్కించేవాళ్ళని పండగ వెళ్ళాక వెతకాలి. పచ్చగళ్ళు పడ్డ అప్పగింతలు ఉంటే అందులోనే ఉన్నాయి. పిన్ని వద్దంటోంది, అమ్మ చెయ్యించమంటోంది.